తిరగేసిన జాకెట్

మా బావ నిజాయితీపరుడు. ఈ మాట నాది కాదు, ఆయనదే. దుకాణంలో కౌంటరు వెనక నిలబడి, కొత్తగా గుమ్మం తొక్కిన ప్రతివారికీ వినిపిస్తాడు. పన్నెండేళ్ళ కిందట ఎవరి ప్యాంటు జేబులోనో ఉంగరం దొరికితే, ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి ఇచ్చి వచ్చాడట. ఆ ఒక్క ఉంగరంతో పన్నెండేళ్ళు గడిపాడు. నిజానికి ఉంగరం దొరికింది మా అక్కకు. ఇచ్చెయ్యమన్నదీ మా అక్కే. ఇవ్వాలా వద్దా అని రెండు రోజులు నిద్ర మానుకుని ఆలోచించింది మాత్రం ఆయనే. అంత మటుకు ఆయన వాటా ఆయనకివ్వాలి.

ఆయనది డ్రై క్లీనింగ్ దుకాణం. ముందు కౌంటరు, కౌంటరు పక్కన వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక స్టూలు, వెనక గది దాకా సాగిన ఇనప కడ్డీ, ఆ కడ్డీకి ప్లాస్టిక్ కవర్లలో వేలాడే జనం బట్టలు. వెనక గదిలో మిషను, ఆవిరి ఇస్త్రీ, మా అక్క బల్ల. ఆ బల్ల మీద పదిహేను చిన్న సీసాలుంటాయి. సిరా మరక, నూనె మరక, తుప్పు మరక, ఏది ఏ సీసాకు లొంగుతుందో మా అక్క వేలికొసలకు తెలుసు. బావకు సీసాల మూతలు తియ్యడం కూడా సరిగా రాదు. కానీ బయట బోర్డు మీద ఉన్నది ఆయన ఫోటో.

నేను ఆయన బామ్మర్దిని. ఉద్యోగం దొరికేదాకా నాలుగు రోజులు ఉందామని అక్క ఇంటికి వచ్చాను, ఆరేళ్ళయింది. తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నాడని మీరు నన్ను అనుకోవచ్చు. లెక్కపెట్టాను గనకే అవి ఎంత పుచ్చిపోయాయో నాకు తెలుసు. దుకాణంలో నా పని చీటీలు రాయడం. ప్రతి బట్టకూ ఒక నంబరు, దాని కింద అది ఎవరిదో. బావకు పేర్లు గుర్తుండవు కాబట్టి బ్యాంకు మేడమ్, పళ్ళ డాక్టరు, ఇంజినీరు అని రాస్తాను. ఆ చీటీని మెడ దగ్గర లోపలివైపు పిన్ను కొడతాను, పైకి కనిపించకుండా.

బావకు ఒక సిద్ధాంతం ఉంది. వాడని బట్ట పాడవుతుందని. జనం ఇచ్చిన బట్టలు కడ్డీకి ఊరికే వేలాడితే వాటికి గాలి తగలదట, నూలు నీరసిస్తుందట. అందుకని ఇంట్లో అందరం ఎక్కడికి వెళ్ళినా కడ్డీ మీద నుంచే వెళ్తాం. సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెత మా ఇంటికి సరిగ్గా కొలత తీసి కుట్టినట్టుంటుంది. వాడుకున్న బట్టను అక్క మళ్ళీ శుభ్రం చేస్తుంది, నేను మళ్ళీ చీటీ చూసుకుంటాను, సోమవారానికి ఎవరి బట్ట వారికి. ఇన్నేళ్ళలో ఒక్కరూ కనిపెట్టలేదు. దాన్ని కూడా ఆయన తన నిజాయితీ ఖాతాలోనే వేసుకున్నాడు.

ఏడాదికోసారి, చలి మొదలయ్యే రోజుల్లో, ఒక ఆదివారం కొండకు వెళ్తాం. గంటసేపు ఎక్కితే సగం కొండ మీద ఒక చదును వస్తుంది. అక్కడ వచ్చినవాళ్ళు మాంసం కాల్చుకోవడానికి ఇటుకలతో పొయ్యిలు కట్టి, పైన ఇనప జాలీలు పెట్టారు. బొగ్గులు మనం తెచ్చుకోవాలి. ఈ ప్రయాణం కోసం బావ వారం ముందు నుంచే కడ్డీ వెంబడి తిరుగుతూ ఉంటాడు. ఈ ఏడు ఆయన కన్ను పోస్టుమాస్టారి జాకెట్టు మీద పడింది. ముదురు బూడిద రంగు ఉన్ని, లోపల మెరూన్ రంగు మెత్తని లైనింగు. వేసుకుని అద్దంలో ముందూ వెనకా చూసుకున్నాడు. "నాకే కుట్టినట్టుంది రా," అన్నాడు. ఆ మాట ఆయన ప్రతి ఏడూ ఎవరో ఒకరి బట్టను పట్టుకుని అంటాడు.

శుక్రవారం మధ్యాహ్నం పోస్టుమాస్టారు వచ్చారు. రిటైరై చాలా కాలమైంది, సన్నగా, నిటారుగా ఉంటారు. పోయిన చలికాలం ఊపిరితిత్తులకు నెమ్ము చేసి పది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. రసీదు కౌంటరు మీద పెట్టి, "ఆదివారానికి కావాలండీ," అన్నారు.

జాకెట్టు తయారై రెండు రోజులైంది. ఆయన నిలబడిన చోటికి మూడడుగుల దూరంలో వేలాడుతోంది. బావ దానికి అడ్డంగా జరిగి నిలబడ్డాడు.

"అయ్యో మాస్టారూ, మొండి మరకండీ అది. మా ఆవిడ మూడుసార్లు పట్టింది, వదల్లేదు. మంగళవారం రండి, కొత్తదానిలా చేసిస్తాను."

"అంత మరకుందా? నేను చూడనేలేదే."

"మీ కంటికి కనపడదండీ. కనపడనివే మహా చెడ్డవి. కదరా?"

ఆ 'కదరా' నాకు. నేను తలూపాను. లోపల అక్క ఇస్త్రీ పెట్టె ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. పోస్టుమాస్టారు రసీదు మడిచి జేబులో పెట్టుకుని, దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. ఆదివారానికి ఎందుకని అడగాలన్న బుద్ధి మా ఇద్దరిలో ఒక్కడికీ పుట్టలేదు.

ఆదివారం బయల్దేరాం. బావ పోస్టుమాస్టారి జాకెట్టులో, నేను ఇంజినీరు గారి ఆకుపచ్చ స్వెటర్లో, నా మేనకోడలు పళ్ళ డాక్టరు గారి కూతురి తెల్ల కోటులో. అక్క ఎప్పటిలాగే తన సొంత నీలం స్వెటర్లో. మోచేతుల దగ్గర రెండుసార్లు కుట్టుకున్నది. "ఆ పాత గుడ్డేంటే, నలుగురిలో పరువు తీస్తావు," అని బావ ప్రతి ఏడూ అంటాడు. అక్క ప్రతి ఏడూ అదే తొడుక్కుంటుంది.

మాతో కొండ ఎక్కాలంటే మనిషికి శిక్షణ ఉండాలి. రాయి మీద కూర్చోకూడదు. చెట్టుకు ఆనుకోకూడదు. పొదల పక్క నుంచి వెళ్ళేటప్పుడు ఒంటిని పక్కకు తిప్పుకుని వెళ్ళాలి. ముందు నడుస్తూ బావ మాటిమాటికీ వెనక్కి తిరిగి, "చెమట పట్టకుండా నడవండి," అంటున్నాడు.

"చెమట పట్టకుండా ఎలా నడుస్తారు నాన్నా?" అంది పిల్ల. పదకొండేళ్ళది, దానికింకా ప్రశ్నలు వస్తాయి.

"మెల్లగా."

అంత మెల్లగా నడిచాం. గంట దారికి రెండున్నర గంటలు పట్టింది. మోకాలికి పట్టీ కట్టుకున్న ఒక ముసలావిడ కర్ర పొడుచుకుంటూ మమ్మల్ని దాటి వెళ్ళి, పైన భోజనం చేసి, మేం చేరేసరికి కిందికి దిగుతోంది. బావ ఆవిడకు దారి ఇచ్చి, "ఈ వయసులో అంత తొందర పనికిరాదండీ," అని హితవు చెప్పాడు.

చదును చేరాక అక్క బొగ్గులు పేర్చి నిప్పు రాజేసింది. కోడి కాళ్ళు, మొక్కజొన్న పొత్తులు, బంగాళాదుంపలు. పొగ బట్టలకు పడుతుందని బావ పది గజాల దూరంలో దినపత్రిక పరుచుకుని కూర్చుని, అక్కడి నుంచే ఏ ముక్క తిప్పాలో చెబుతున్నాడు. తినే వేళయ్యేసరికి సంచీలోంచి దుకాణం ప్లాస్టిక్ కవర్లు తీశాడు. తల పట్టేలా పైన కత్తిరించి తెచ్చాడు. అందరికీ తొడిగాడు, నూనె చుక్క పడకుండా. పక్క పొయ్యి దగ్గరి కుర్రజంట మమ్మల్ని చూసి నవ్వాపుకోలేక మొహాలు తిప్పుకున్నారు. వాళ్ళను తప్పు పట్టలేం. మెడ దాకా కవర్లలో కూర్చుని కోడి కాళ్ళు పీక్కుంటున్న మమ్మల్ని చూస్తే, డెలివరీకి సిద్ధంగా ఉన్న సరుకులాగే ఉన్నాం. బావ మెడ ముందుకు చాచి, మోచేతులు గాల్లో పెట్టి తింటున్నాడు. సొంత బట్టల్లో గంజి తాగినా ఇంతకంటే సుఖంగా తాగొచ్చని నాకు అనిపించింది. అనిపించింది గానీ అనలేదు. నోట్లో కోడి కాలుంది.

అప్పుడు దారి మలుపులో పోస్టుమాస్టారు కనిపించారు.

ఒక పక్క కూతురు, మరో పక్క అల్లుడు చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నారు. పలచటి చొక్కా, దాని మీద చేతుల్లేని స్వెటరు, అంతే. బావ ఆయన్ని చూసిన మరుక్షణం కవరు చించుకుని లేచాడు. పెద్ద బండరాయి వెనక్కి పరిగెత్తాడు. ఆ పరుగులో చెమట గురించి ఆలోచించినట్టు లేదు. తిరిగొచ్చేసరికి జాకెట్టు తిరగేసి వేసుకున్నాడు. బూడిద రంగు లోపలికి పోయి మెరూన్ లైనింగు బయటికొచ్చింది. కుట్లు, జేబు సంచులు అన్నీ పైకి కనిపిస్తున్నాయి. "రెండువైపులా వేసుకునే రకం," అన్నాడు నాతో, నేనేదో అడిగినట్టు.

వాళ్ళు సరిగ్గా మా పక్క పొయ్యికే వచ్చారు. కుర్రజంట అప్పుడే ఖాళీ చేశారు. బావ ఎదురెళ్ళి దణ్ణం పెట్టి, వాళ్ళ సంచీ అందుకుని, మర్యాదలన్నీ చేశాడు. ఆయన వాళ్ళ వైపు నడుస్తూ మాకు వీపు చూపించినప్పుడు చూశాను నేను. ఆయన మెడ వెనక, మెరూన్ గుడ్డ మీద, తెల్లగా నా చీటీ. 417, పోస్టుమాస్టారు. నా చేతిరాత దూరం నుంచి కూడా స్పష్టంగా ఉంది.

లోపలివైపు కొట్టిన చీటీ, లోపలిది బయటికొస్తే ఎక్కడుంటుంది? ఇరవై ఏళ్ళుగా చీటీల మధ్య బతికిన మనిషికి ఆ ఒక్క ముక్క తట్టలేదు.

పిల్ల కూడా చూసింది. "నాన్నా, నీ మెడ మీద..." అని మొదలుపెట్టింది. నేను దాని నోట్లో మొక్కజొన్న పొత్తు పెట్టాను. "ఊరుకో," అన్నాను మెల్లగా. ఎందుకన్నానో దాచుకోను. బావను కాపాడదామని కాదు. ఆరేళ్ళుగా ఆ ఉంగరం కథ విన్నాను. ఇవాళ నలుగురి ముందు ఆయన పరువు గంగలో కలుస్తుంటే కడుపారా చూద్దామనుకున్నాను. లేచి రెండడుగులు వేసి ఆ చీటీ పీకేస్తే అయిపోయేది. నేను దుంప ఒలుచుకుంటూ కూర్చున్నాను.

ఇంతలో గాలి మొదలైంది. కింద లోయలోంచి మబ్బు లేచి చదును మీదికి వచ్చేసింది. ఎండ పోయింది. పోస్టుమాస్టారు రెండుసార్లు దగ్గారు. మూడోసారి మొదలైన దగ్గు ఆగలేదు. కూతురు సంచీలో దుప్పటి కోసం వెతికింది, లేదు. అల్లుడు తన చొక్కా పైన వేసుకున్న పలచటి కోటు తీసి కప్పాడు. పెద్దాయన పెదాలు నీలంగా అవుతున్నాయి.

"మబ్బులు కింద కనపడేచోట ఒకసారి కూర్చోవాలని నేనే గొడవపెట్టానండీ," అన్నారు మావాళ్ళందరి వైపూ చూసి, తప్పు చేసినవాడిలా. "నా జాకెట్టొకటి మీ దగ్గర ఉండిపోయింది గానీ, అదుంటే ఈ గాలి నన్నేం చేసేది కాదు."

"ఆదివారానికి కావాలని చెప్పొచ్చారటగా?" అంది కూతురు, బావను.

"మరకమ్మా," అన్నాడు బావ. "మొండి మరక."

తేలు కుట్టిన దొంగలా మంట దగ్గరికి జరిగాడు. గొంతు దాకా గుండీలు పెట్టుకుందామని చూశాడు. తిరగేసిన జాకెట్టుకు గుండీలు లోపలుంటాయి. చేతులతో గుండె మీద తడుముకుని ఊరుకున్నాడు. ఒకరు తన జాకెట్టు లేక వణుకుతున్నారు, ఒకడు ఆ జాకెట్టులోనే మంట పక్కన చెమటలు కక్కుతున్నాడు. ఇంత నీచాన్ని ఇంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. చూస్తూ కూడా దుంప వదల్లేదు.

అక్క తన నీలం స్వెటరు విప్పి తీసుకెళ్ళింది. పెద్దాయన భుజాలకు అది చాలలేదు. "నువ్వేం వేసుకుంటావమ్మా, వద్దు," అని తిరిగిచ్చేశారు. అక్క నేరుగా బావ ముందుకొచ్చి నిలబడింది.

"ఆ జాకెట్టు విప్పి ఆయనకివ్వండి."

"నాకు..."

"మీరు మంట పక్కనే ఉన్నారు. విప్పండి."

అక్క ఆ గొంతుతో మాట్లాడగా నేను వినలేదు. బావ చుట్టూ చూశాడు. అందరూ తననే చూస్తున్నారు. తర్వాత ఆయన మొహంలో ఒక వెలుగు వచ్చింది. ఆ వెలుగు నాకు తెలుసు. ఉంగరం కథ చెప్పే ముందు వస్తుంది.

"దానికేం భాగ్యమండీ. మీకంటే ఎక్కువా ఈ గుడ్డముక్క," అంటూ విప్పాడు. లోపల ఆయన సొంత చొక్కా, కాలరు పీలికలైనది. పిల్ల నవ్వింది. అక్క నవ్వలేదు.

కూతురు జాకెట్టు అందుకుని, తండ్రికి తొడగడానికి మెడ దగ్గర పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. చీటీ చదివింది. ఒకసారి బావను చూసింది, తర్వాత చీటీని తండ్రి కళ్ళ ముందుకు తిప్పింది. పోస్టుమాస్టారు కళ్ళద్దాలు సర్దుకుని చదువుకున్నారు. వేలితో లైనింగును ఒకసారి తడిమారు. జీవితమంతా చిరునామాలు చదివిన మనిషి, తన చిరునామా చదవలేడా? తిరగేసినదాన్ని తిరగేసినట్టే తొడుక్కున్నారు.

"మీ మేలు ఉంచుకోను," అన్నారు బావతో. "మంగళవారం తెచ్చిస్తాను. అప్పుడే నాదీ తీసుకెళ్తాను."

"ఎంతమాటండీ," అన్నాడు బావ. చీటీ సంగతి ఆయనకు అప్పటికీ తెలియదు. మిగిలిన కోడి కాలు కవరు లేకుండా తిన్నాడు.

దిగేటప్పుడు బావ హుషారుగా ఉన్నాడు. పథకం చెప్పాడు. మంగళవారం పెద్దాయన జాకెట్టు తెచ్చిస్తారు. తను దాన్ని లోపలికి తీసుకెళ్ళి, తిరగేసి, ఇస్త్రీ చేయించి, కవర్లో పెట్టి, ఇదిగో మీది అని బయటికి తెస్తాడు. ఒకే జాకెట్టు, రెండు మేళ్ళు. "తల ఉండాలి రా బామ్మర్దీ," అన్నాడు. అక్క ముందు నడుస్తోంది. పిల్ల చెయ్యి పట్టుకుని, కనిపించిన ప్రతి రాయి మీదా దాన్ని కూర్చోబెడుతూ.

మంగళవారం పదింటికి పోస్టుమాస్టారు వచ్చారు. జాకెట్టు చేతిలో లేదు, ఒంటి మీద ఉంది. మెరూన్ రంగు బయటికి పెట్టుకునే, కుట్లూ జేబు సంచులూ కనిపిస్తుండగా, వీధంతా నడిచి వచ్చారు. చీటీ లేదు, తీసేసినట్టున్నారు.

"ఇలా ఇవ్వండి మాస్టారూ, ముందు మీకు బరువు తగ్గిస్తాను," అని బావ చేతులు చాచాడు.

"బయట చలిగా ఉందండీ. నాది ఇవ్వండి, అది వేసుకుని ఇది విప్పుతాను."

అని స్టూలు మీద కూర్చున్నారు. తల ఉన్న మా బావకు ఇది తట్టలేదు. కడ్డీ దగ్గరికి వెళ్ళి వెతకడం మొదలుపెట్టాడు. ఈ చివర నుంచి ఆ చివరికి, ఆ చివర నుంచి ఈ చివరికి, హ్యాంగర్లు ఒకదాని మీద ఒకటి తోస్తూ. లేదని తెలిసినదాన్ని ఇరవై నిమిషాలు వెతికాడు. పోస్టుమాస్టారు తొందరపెట్టలేదు. మధ్యలో ఒకసారి, "ఏదైనా చెప్పాలనుకుంటే చెప్పండి, నేనేం అనుకోను," అన్నారు. నాకే జాలేసింది. తలుపు తీసి దారి చూపించినట్టు చూపించారు ఆయన. బావ అటు వెళ్ళలేదు.

"ఏం చెప్పమంటారండీ," అన్నాడు చివరికి, నుదురు తుడుచుకుంటూ. "చీటీలు రాసేది వీడు. తారుమారు చేసి మీది ఇంకెవరికో ఇచ్చేశాడు. ఇంటివాడని చేరదీస్తే ఇదీ వరస."

పోస్టుమాస్టారు నా వైపు తిరిగారు. "నువ్వేనా బాబూ తారుమారు చేసింది?"

ఆదివారం నుంచి ఈ ఘడియ కోసమే కాచుకుని ఉన్నాను. నాలుక చివర దాకా వచ్చింది. బావ నన్ను చూస్తున్నాడు. కోపంగా కాదు, తీరిగ్గా, వీడెక్కడికి పోతాడన్నట్టు. ఆయన లెక్క సరైనదే.

"అవునండీ," అన్నాను. "పొరపాటు నాదే."

వెనక గది తెర తొలిగింది. అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి కౌంటరు ఇవతల నిలబడింది.

"మాస్టారూ, మీ ఒంటి మీద ఉన్నదే మీది. బుధవారానికే తయారైంది. మరకేం లేదు. ఆదివారం ఈయన వేసుకుందామని మీకివ్వలేదు."

"తెలుసమ్మా," అన్నారు ఆయన. "చీటీ కొండ మీదే చూశాను. ఈ మాట ఈ దుకాణంలో ఎవరైనా ఒకరు అంటారా అని వచ్చాను."

లేచి, జాకెట్టు విప్పి, సరిగ్గా తిప్పి తొడుక్కున్నారు. అక్క చెయ్యి వేసి భుజాల దగ్గర ముడత సరిచేసింది. గుమ్మం వైపు వెళ్తూ ఆయన నా దగ్గర ఆగారు. "ముప్ఫై ఆరేళ్ళు చేతిరాతలు చూశాను బాబూ. తారుమారు చేసేవాడి రాత కాదు నీది," అని చెప్పి వెళ్ళిపోయారు.

బావ పది నిమిషాలు కుక్కిన పేనులా కూర్చున్నాడు. ఈసారి మారతాడేమో అనుకున్నాను. అప్పుడు బ్యాంకు మేడమ్ నాలుగు చీరలు పట్టుకుని వచ్చింది. బావ లేచాడు. మొహంలో ఆ వెలుగు.

"ఆదివారం కొండ మీద ఏమైందో తెలుసా అండీ? మన పోస్టుమాస్టారు చలికి బిగుసుకుపోతున్నారు. ఎవరూ కదల్లేదు. నేనింక ఆలోచించలేదు, ఒంటి మీది జాకెట్టు విప్పి ఆయనకి తొడిగేశాను. కావాలంటే మా బామ్మర్దిని అడగండి, అక్కడే ఉన్నాడు."

బ్యాంకు మేడమ్ నా వైపు చూసింది, మెచ్చుకోలుగా, నా మాట కోసం.

"అవునండీ," అన్నాను. "నేను చూశాను."

ఆవిడ వెళ్ళాక అక్క నా దగ్గరికి వచ్చింది. బావ ఆవిడ ఇచ్చిన చీరలు ఒళ్ళో వేసుకుని రంగులు చూస్తున్నాడు.

"ఆయన సంగతి నాకు పెళ్ళైన నెలకే తెలిసింది," అంది అక్క. "నువ్వు మాత్రం వేరే అనుకున్నాన్రా, ఇన్నాళ్ళూ."

నా ముందున్న చీటీల కట్ట, కలం తీసుకుంది. బ్యాంకు మేడమ్ చీరలకు నంబర్లు తనే వేసింది.